నోటు పుస్తకమా, ఫోను యాపా, ప్లగ్గు మీటరా? ఇంటి కరెంటు లెక్కకు ఏది మేలు

వేసవి మొదలైనప్పటి నుంచి ఒడిశాలోని బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు తెలుగు కుటుంబాల వారు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఇంట్లో ఎంత కరెంటు కాలుతోందో తెలుసుకోవడానికి రోజూ మీటరు చూసి పుస్తకంలో రాసుకోవడం మంచిదా, ఫోనులో విద్యుత్ సంస్థ యాప్ చూసుకుంటే సరిపోతుందా, లేక ప్లగ్గులో పెట్టే చిన్న మీటరు కొనుక్కోవాలా అని. ఈ మూడింటినీ పర్లాకిమిడిలోని మా ఇంట్లోనూ, దగ్గరి బంధువుల ఇళ్లలోనూ వాడి చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది.

ముందుగా ఒక మాట. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇరువైపులా బంధువులున్న మాబోటి వారు పండుగలకు కలిసినప్పుడు 'మీకెంత వచ్చింది, మాకెంత వచ్చింది' అని బిల్లులు పోల్చుకుంటూ ఉంటారు. రూపాయల్లో చేసే ఆ పోలిక వల్ల ఏమీ తేలదు. ఒడిశాలో గృహ వినియోగపు శ్లాబులు, అంటే యూనిట్ ధర పెరిగే మెట్లు, 50, 200, 400 యూనిట్ల దగ్గర మారుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అవి 30, 75, 125, 225, 400 దగ్గర మారుతున్నాయి. ధరలు కూడా వేరు. పైగా రీడింగు తీసే మనిషి ఒక నెల 27 రోజులకు, మరో నెల 34 రోజులకు రావచ్చు. అందుచేత పోల్చవలసింది రోజుకు ఎన్ని యూనిట్లన్నదే. ఈ నెల బిల్లు పెరిగిందని కంగారు పడే వారిలో చాలామంది రోజులతో భాగించి చూసుకుంటే పెరిగింది రోజులే కానీ వాడకం కాదని తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ పద్ధతి మేలన్నది అంకె ఎంత కచ్చితంగా ఉందన్నదాన్ని బట్టి తేలదని నా నమ్మకం. పుస్తకంలో రాసుకునే అంకె, యాప్‌లో కనిపించే అంకె ఒకే మీటరు నుంచి వచ్చేవే కనుక వాటి మధ్య కచ్చితత్వంలో తేడా ఉండదు. తేల్చేది మరొకటి ఉంది. ఆ అంకె ఎవరి కంట పడుతోంది, ఎప్పుడు పడుతోంది అన్నది. స్విచ్చి వేసే మనిషి కంట, ఆ రోజు ఏం జరిగిందో ఇంకా గుర్తుండగానే పడితే అది పనికివస్తుంది. నెల గడిచాక పడినా, వేరే ఊళ్లో ఉన్న వారి కంట పడినా దానితో చేయగలిగింది తక్కువ.

మా ఇంట్లో జరిగినదే చెబుతాను. మాది మామూలు డిజిటల్ మీటరు. రోజూ ఉదయం ఆరు గంటలకు మా అమ్మ రీడింగు రాస్తుంది. పక్కన మరో గడి ఉంటుంది. అందులో ముందు రోజు ఇంట్లో జరిగినది రెండు మూడు మాటల్లో ఉంటుంది: 'దుప్పట్లు ఉతికాం', 'చుట్టాలు వచ్చారు', 'మధ్యాహ్నం నాలుగు గంటలు కరెంటు లేదు'. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో రోజుకు ఆరు యూనిట్ల చొప్పున సాగుతున్న వాడకం ఒక్కసారిగా తొమ్మిదికి చేరింది. చుట్టాలు ఉన్నందువల్లనే అనుకున్నాం. వారు వెళ్లిపోయాక కూడా మూడు రోజులు తొమ్మిది దగ్గరే నిలిచేసరికి, 'చుట్టాలు లేరు, ఉతుకు లేదు, మరి ఇదెక్కడిది' అని అడిగింది అమ్మే. ఆ రాత్రి పదింటికి, మళ్లీ తెల్లవారుజామున ఐదింటికి రీడింగు చూశాం. ఎప్పుడూ రెండు యూనిట్లలోపు ఉండే రాత్రి వాడకం మూడున్నర అయింది. చూడగా చూడగా మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతోంది. పైన ట్యాంకులో నీటి మట్టం తగ్గినప్పుడల్లా ఒక హార్స్‌పవర్ మోటారు తనంతట తానే ఆన్ అవుతోంది. ఆ మోటారు గంట నడిస్తే ఇంచుమించు ఒక యూనిట్. రోజుకు మూడు చొప్పున నెలకు 90 యూనిట్లు, అంటే నాలుగు వందల రూపాయలు దాటే ఖర్చు, ఒక రబ్బరు వాషరుతో ఆగింది.

ఇదే సంగతి యాప్‌లో కనిపించదా అంటే, స్మార్ట్ మీటరు ఉన్న ఇంట్లో తప్పకుండా కనిపిస్తుంది. ఆ మీటరు ప్రతి అరగంట వాడకాన్నీ విడివిడిగా నమోదు చేస్తుంది. రాత్రి రెండు గంటలకు వాడకం పెరిగిందన్న విషయాన్ని నిద్ర చెడగొట్టుకోకుండా తెలుసుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు, పుస్తకం ఇవ్వలేనిది. చాలా అపార్టుమెంట్లలో మీటర్లన్నీ కింద తాళం వేసిన గదిలో ఉంటాయి కనుక అక్కడి వారికి యాప్ తప్ప దారి లేదు. మామూలు డిజిటల్ మీటరు ఉన్న వారికి మాత్రం యాప్‌లో నెలనెలా బిల్లు అంకెలే కనిపిస్తాయి. కాగితం మీద వచ్చేది తెర మీద కనిపించడమే ఆ తేడా.

అయితే మన జిల్లాల్లో మరో చిక్కు ఉంది. రాయగడలోని మా పిన్ని ఇంట స్మార్ట్ మీటరే ఉంది. కానీ కనెక్షనుకు జత చేసిన ఫోను నంబరు విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా తమ్ముడిది. అరగంట అరగంటకూ లెక్క చూడగలిగినవాడు అక్కడ, గీజరు ఆన్ చేసి మరిచిపోయేవారు ఇక్కడ. వాడు ఫోను చేసి 'మంగళవారం ఎందుకు ఎక్కువైంది' అని అడిగే సరికి శుక్రవారం అవుతుంది. అప్పటికి పిన్నికి మంగళవారం సంగతే గుర్తుండదు. చదువులకో, ఉద్యోగాలకో పిల్లలు హైదరాబాదుకు, విశాఖకు, భువనేశ్వరుకు వెళ్లిపోగా పెద్దవాళ్లే మిగిలిన ఇళ్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో యాప్ వాడదలిస్తే ముందు ఇంట్లో ఉండే వారి ఫోనులో దాన్ని పెట్టి, అందులో ఏం చూడాలో దగ్గర కూర్చుని నేర్పించాలి. పుస్తకానికి ఆ బాధ లేదు. బిల్లు ఏ భాషలో వచ్చినా, పెద్దవారికి ఒడియా చదవడం రాకపోయినా, మీటరు మీది అంకెలు అందరికీ తెలిసినవే.

కరెంటు పోవడం కూడా లెక్కలోకి రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా గజపతి జిల్లాలో రోజుల తరబడి చీకటే. అలాంటి నెల సగటును తరువాతి నెలతో పోల్చి వాడకం పెరిగిందనుకోవడం పొరపాటు. చిన్న కోతల విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కరెంటు పోయిన గంటల వాడకం పూర్తిగా మిగలదు. కరెంటు రాగానే బ్యాటరీ తిరిగి నిండుతుంది, ఆ నింపడంలో కొంత నష్టం కూడా ఉంటుంది. ఎన్ని గంటలు కరెంటు లేదో పుస్తకంలో ఒక్క మాట రాసి ఉంటే అంకెలోని తేడా అర్థమవుతుంది. యాప్‌లోని రోజు మొత్తంలో మాత్రం కోత వల్ల తగ్గిందో, మనం పొదుపు చేసినందువల్ల తగ్గిందో ఒకేలా కనిపిస్తుంది.

పుస్తకం పెట్టదలచిన వారు చేసే తప్పు ఒకటి చెప్పాలి. డిజిటల్ మీటరు తెర మీద తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ డిమాండు ఒకదాని వెంట ఒకటి మారుతూ వస్తాయి. చివర 'కెడబ్ల్యూహెచ్' (kWh, అంటే యూనిట్లు) అని ఉన్న అంకెనే రాయాలి. మధ్యలో 'వి' ఉన్న 'కెవిఎహెచ్' (kVAh) వేరు, సాధారణంగా అది కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఒక రోజు ఇది, మరో రోజు అది రాస్తే లెక్క మొత్తం పాడవుతుంది. పాత చక్రం మీటర్లలో చివరి ఎర్ర అంకె దశాంశం. దాన్ని యూనిట్లతో కలిపి చదవకూడదు.

ఇక ప్లగ్గు మీటరు. ఒక్క వస్తువు ఎంత తింటోందో తేల్చడానికి అది మంచి సాధనం. ఫ్రిజ్జును దాని మీద కనీసం ఒక పూర్తి రోజు ఉంచాలి, ఎందుకంటే కంప్రెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది; పది నిమిషాలు చూసి గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. కానీ సీలింగు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, స్టార్టరుతో నడిచే మోటారు దానికి అందవు. మా ఇంట్లో దొంగ మోటారే కనుక ప్లగ్గు మీటరు కొని ఉంటే అది బయటపడేది కాదు. పైగా వారం రోజుల్లో ఇంట్లోని వస్తువులన్నీ చూడడం అయిపోయాక అది అలమారలోకి చేరుతుంది. కొనడం కంటే నలుగురు కలిసి ఒకటి తెచ్చుకుని మార్చి మార్చి వాడుకోవడం నయం.

నిజానికి ఆ పని చాలావరకు మీటరుతోనే ఊరికే చేసుకోవచ్చు. డిజిటల్ మీటరు మీద వెలిగి ఆరే చిన్న ఎర్ర దీపం ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో అచ్చు వేసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200. అలాంటి మీటరులో నిమిషానికి ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో గుణిస్తే ఆ క్షణంలో ఇంట్లో కాలుతున్న వాట్లు వస్తాయి. 16 సార్లు వెలిగితే 300 వాట్లు. 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటే నడుస్తుంటే నాలుగు సార్లు. కిలోవాటు మోటారు నడుస్తుంటే 53 సార్లు, అంటే దాదాపు సెకనుకొకటి. మిగతావన్నీ ఆపి ఒక్క వస్తువును నడిపి చూస్తే దాని లెక్క తేలిపోతుంది. మీ మీటరు మీద 1600 అని ఉంటే 37.5తో గుణించాలి.

మెయిన్ వైరుకు తగిలించే వైఫై పరికరాలు కూడా బజారులో ఉన్నాయి. బోర్డు విప్పి ఎలక్ట్రీషియను చేత పెట్టించుకోవాలి. మామూలు ఇంటికి అవసరం కనిపించదు. ఇంట్లో అద్దెకుంటున్న వారితో లెక్క పంచుకోవాలంటే మాత్రం సబ్ మీటరు పెట్టుకోవడమే సరైనది.

శ్లాబుల విషయంలోనూ పుస్తకం ఉపయోగపడుతుంది, కానీ చాలామంది అనుకునే విధంగా కాదు. '200 దాటితే బిల్లు మొత్తం పై ధరకు పోతుంది' అన్న భయం ఒడిశాలో అక్కరలేదు. మొదటి 50 యూనిట్లకు మూడు రూపాయల దరిదాపుల్లో, ఆపై 200 వరకు ఐదుకు కొంచెం తక్కువగా, 400 వరకు ఆరుకు కొంచెం తక్కువగా, ఆపైన ఆరు దాటి ధర పడుతుంది. 201వ యూనిట్‌కు పెరిగేది ఆ ఒక్క యూనిట్ ధరే. ఇరవయ్యో తేదీన పుస్తకం చూసి 'ఇంక ఆపేద్దాం' అని ముసలివారిని ఉక్కపోతలో కూర్చోబెట్టడం అనవసరం. కారణం తెలియకుండా కాలే యూనిట్లను పట్టుకోవాలే తప్ప ఫ్యాను గాలిని కాదు.

నా ఎంపిక ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. స్మార్ట్ మీటరు వచ్చిన ఇంట కూడా పుస్తకం మానవద్దు. యాప్‌లో రాత్రి గంటల వాడకం చూసి పక్క గడిలో రాసుకోండి. మీటరే తప్పు చూపుతోందన్న అనుమానం వచ్చినప్పుడు కూడా ఈ పేజీలు అక్కరకొస్తాయి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ ప్రకారం, రీడింగు అసలు వాడకానికి సరిపోలడం లేదని ఫిర్యాదు చేస్తే సంస్థ అయిదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ సరిచూడాలి. ఆ మూడు నెలలూ రెండు మీటర్ల అంకెలనూ ఒకే పేజీలో పక్కపక్కన, ఒకే వేళకు రాసుకోండి. మొదటి రోజు రెండు మీటర్లకూ తేదీ కనిపించేలా ఫొటో తీసి ఉంచండి.