ఫ్యాషన్ డిజైన్‌లో డిగ్రీనా, డిప్లొమానా: బెంగళూరులో రెండింటితో పనిచేశాక నా రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇప్పుడే ఇంటర్ అయిందా? డిగ్రీలో చేరండి, పెద్ద పేరు లేని కాలేజీలో బీఎస్సీ అయినా పర్లేదు. ఇప్పటికే బీకామో బీటెక్కో ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉందా? అయితే ఇంకో నాలుగేళ్లు పెట్టొద్దు, మంచి చోట ఏడాది డిప్లొమా చాలు. బొటిక్ పెట్టడమే మీ ఆలోచనైతే ఈ లెక్క మారుతుంది, అది తర్వాత చెప్తాను.

నాది హిందూపురం. ఇంటర్ అవగానే బెంగళూరు వచ్చి ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది డిప్లొమా చేసి, బొమ్మనహళ్లి వైపు ఒక ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ ఫ్యాక్టరీలో శాంపిల్ రూమ్‌లో (నమూనా పీసులు కుట్టే చోట) చేరాను. పీజీలో నా రూమ్మేట్ నెల్లూరమ్మాయి. తను నాలుగేళ్ల బీ.డిజైన్ డిగ్రీ చేసి అదే ఏడాది అదే ఫ్యాక్టరీలో డిజైన్ డిపార్ట్‌మెంట్‌లో చేరింది. ఇప్పటికీ ఇద్దరం ఇదే ఫీల్డులో ఉన్నాం. కాబట్టి ఇది బ్రోచర్లు చదివి రాస్తున్నది కాదు.

డిప్లొమా నాకు ఇచ్చింది చేతి పని. పొద్దున బ్రౌన్ పేపర్ మీద డ్రాఫ్టింగ్, మధ్యాహ్నం మెషీన్ మీద కుట్టు, ఏడాదంతా ఇదే. బేసిక్ బాడీస్ బ్లాక్ (ఒంటి పై భాగానికి మూల ప్యాటర్న్, అంటే కాగితం నమూనా) గీయడం, డార్ట్‌ని (ఒంటికి అమరేలా బట్టని మడిచి కుట్టే చోటుని) భుజం మీదికో నడుము దగ్గరికో మార్చడం, స్లీవ్ ఎక్కించడం, కుదరకపోతే విప్పి మళ్లీ ఎక్కించడం. ఫ్యాక్టరీలో చేరిన మొదటి వారంలోనే ఇది పనికొచ్చింది. ఒక కుర్తీ శాంపిల్ ఫిట్టింగ్‌కి వచ్చింది. బొమ్మకి తొడిగితే చక్కగా ఉంది. మా ప్యాటర్న్ మాస్టర్, అంటే ఈ కాగితం నమూనాలు గీసేవారు, చిత్తూరు వైపు ఆయన. ఫిట్ మోడల్‌కి తొడిగించి, "చెయ్యి పైకెత్తమనమ్మా" అన్నారు. ఎత్తగానే కుర్తీ మొత్తం చేతితో పాటు పైకి లేచింది. ఆర్మ్‌హోల్ (స్లీవ్ ఎక్కించే చంక చుట్టు) మరీ కిందికి దిగి, స్లీవ్ క్యాప్ (స్లీవ్ పైన గుండ్రంగా ఉండే భాగం) ఎత్తు ఎక్కువగా ఉంటే ఇలాగే అవుతుంది. ఆర్మ్‌హోల్ కాస్త పైకి తెచ్చి, క్యాప్ తగ్గించి, చంక దగ్గర స్లీవ్ వెడల్పు పెంచాలి. ఇన్‌స్టిట్యూట్‌లో బ్లౌజు మీద బ్లౌజు కుట్టించారు కాబట్టి నాకది చూడగానే తెలిసింది. నా రూమ్మేట్‌కి కారణం తెలుసు, కానీ కాగితం మీద ఎంత తగ్గించాలన్న అంచనా చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టింది.

అయితే బట్ట గురించి నాకేమీ తెలీదు. కాటన్, రేయాన్, జార్జెట్ అని పేర్లు చెప్పగలను, అంతే. కొత్త రోల్ రాగానే నా చెయ్యి కత్తెర మీదికి పోయేది. నా రూమ్మేట్ చెయ్యి జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) కటర్ మీదికి పోయేది. ఆ కటర్ సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోస్తుంది. దాన్ని తూకం వేసి, వచ్చిన గ్రాముల్ని 100తో గుణిస్తే చదరపు మీటరు బరువు వస్తుంది. తర్వాత బట్ట మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలుస్తుంది. ఒకసారి రేయాన్‌లో అది నిలువున 47.5కి వచ్చింది, అంటే 5 శాతం కుంచించుకుపోయింది. కుర్తీ పొడవు 110 సెంటీమీటర్లు రావాలి. చాలామంది 110కి 5 శాతం కలిపి 115.5 పెడతారు. ఉతికాక కోసిన పొడవులో 95 శాతమే మిగులుతుంది కాబట్టి తను 110ని 0.95తో భాగించి 115.8 పెట్టింది. తేడా 3 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. 8 శాతం, 10 శాతం కుంచించుకుపోయే బట్టలొచ్చినప్పుడు అదే సెంటీమీటరు దాకా వెళ్లి, బయ్యరు ఇచ్చిన టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) దాటేస్తుంది. శాంపిల్ రిజెక్ట్.

నూలు, నేత, అద్దకం, ప్రింటింగ్, టెస్టింగ్ డిగ్రీలో వాళ్లకి సెమిస్టర్ల కొద్దీ చెప్పారు. నేత గ్రామానికి తీసుకెళ్లి డాక్యుమెంటేషన్ చేయించారు. తను వెంకటగిరి వెళ్లింది, జాందానీ మగ్గం దగ్గర కూర్చుని గీసుకున్న నోట్సు ఇప్పటికీ దాచుకుంది. ఏడాది డిప్లొమాలో వీటికి టైమెక్కడుంది? ఇన్‌స్టిట్యూట్‌ని తప్పుపట్టలేను. కానీ బ్రోచర్లో "టెక్స్‌టైల్ సైన్స్" అని అచ్చు వేసి రెండు క్లాసులతో ముగించేసేవాళ్లని మాత్రం తప్పుపట్టాల్సిందే.

మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 100 శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. మా బ్యాచ్‌లో చాలామందికి వచ్చినవి షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగాలు. నేను వాకిన్‌కి వెళ్లి నా పని నేనే చూసుకున్నాను. మొదటి జీతం 12 వేలు, నా రూమ్మేట్‌కి 18 వేలు. ఆ తేడా నాకు పెద్ద బాధేం కాదు. తను చదివిన మూడేళ్లు ఎక్కువ, వాళ్ల నాన్నగారు కట్టిన ఫీజు ఎన్నో రెట్లు ఎక్కువ.

అసలు దెబ్బ నాలుగో ఏడాది తగిలింది. లోపలే అసిస్టెంట్ మర్చండైజర్ (బయ్యరుకీ ఫ్యాక్టరీకీ మధ్య ఆర్డర్ చూసుకునే) పోస్టు పడింది. టెక్ ప్యాక్ (బయ్యరు పంపే కొలతలు, వివరాల ఫైలు) చదవడం, బయ్యరు కామెంట్లకి జవాబు రాయడం, కన్సంప్షన్ (ఒక్కో పీసుకి ఎంత బట్ట పడుతుందన్న) లెక్కలు, అన్నీ అప్పటికే చేస్తున్నాను. మా మేనేజరే నా పేరు పంపారు. హెచ్ఆర్ ఫారంలో "గ్రాడ్యుయేషన్" అనే కాలమ్ దగ్గర ఆగిపోయింది. ఏడాది డిప్లొమా అక్కడ పెడితే తీసుకోలేదు. ఇక ఇగ్నోలో దూరవిద్యలో బీఏ కట్టాను. ఆదివారాలు అసైన్‌మెంట్లు రాస్తూ పూర్తి చేశాక అలాంటి పోస్టే వచ్చింది. బీఏలో నేను చదివిన చరిత్రకీ, కుర్తీ కన్సంప్షన్‌కీ ఏ సంబంధమూ లేదు. కాలమ్ నిండింది, అంతే!

గ్రాడ్యుయేషన్ అడిగేది ఫ్యాక్టరీలే కాదు. గ్రూప్స్, సివిల్స్, బ్యాంకు పీఓ రాయాలన్నా, ఏదైనా పీజీ చేయాలన్నా డిగ్రీ కావాలి. అమెరికా హెచ్1బీకి కూడా బ్యాచిలర్స్ డిగ్రీ స్థాయి చదువు అడుగుతారు. పదిహేడేళ్ల పిల్ల రేపు మనసు మార్చుకోదని ఎవరు చెప్పగలరు? నేను ముందు డిగ్రీ అనేది ఇందుకే, డిప్లొమాలో చదువు తక్కువని కాదు.

ఆ మాటకొస్తే 1986లో ఢిల్లీలో మొదలైన నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) కూడా 2006లో చట్టం వచ్చేదాకా డిప్లొమాలే ఇచ్చింది. ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి) డిగ్రీ ఇచ్చే అధికారం 2014 చట్టంతో వచ్చింది. అంతకుముందు అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ల చేతిలో ఉన్నదీ డిప్లొమానే. కాబట్టి డిప్లొమా అంటే చిన్నచూపు అక్కర్లేదు, కానీ ఎవరిచ్చారన్నది చూడాలి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి చేరే గార్మెంట్ టెక్నాలజీ డిప్లొమా ప్రభుత్వ బోర్డు ఇస్తుంది. వీధి చివర రెండో అంతస్తులో ఇచ్చేది ఆ ఇన్‌స్టిట్యూట్ సొంత సర్టిఫికెట్. బ్యాంకుకి వెళ్తే తేడా తెలుస్తుంది. మామూలు ఎడ్యుకేషన్ లోన్ పథకంలో 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు, కానీ కోర్సుకి గుర్తింపు ఉండాలి. డిగ్రీ అయితే యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, కౌన్సెలర్ మాట మీద వదిలేయొద్దు.

హెచ్ఎస్ఆర్ లేఔట్‌లోని నిఫ్ట్‌లో సీటొస్తే ఆలోచించకుండా చేరండి, ఖర్చు తట్టుకోగలిగితే. రాకపోతే ఏడాది ఖాళీగా కూర్చోవడం కన్నా బెంగళూరు కాలేజీల్లో బీఎస్సీ ఫ్యాషన్ అండ్ అపారెల్ డిజైన్ ఉంది, ఫీజు చాలా తక్కువ. కాకపోతే కాలేజీని బట్టి అక్కడ కుట్టు పని పల్చగా ఉండొచ్చు. చూడ్డానికి వెళ్లినప్పుడు రిసెప్షన్లో బొమ్మలకి తొడిగిన గౌన్లు చూసి మురిసిపోకుండా ప్యాటర్న్ రూమ్ తెరవమనండి. ఇండస్ట్రియల్ మెషీన్లు ఉన్నాయా, ఇంట్లో వాడేవి పెట్టారా? ఓవర్‌లాక్ మెషీన్ (బట్ట అంచులు ఊడకుండా కుట్టేది) పనిచేస్తోందా, కవర్ కప్పి ఉందా? డ్రెస్ ఫామ్‌ల (బట్ట తొడిగి చూసే బొమ్మల) మీద పిన్నులు గుచ్చిన గుర్తులున్నాయా? క్యాడ్ (కంప్యూటర్ మీద ప్యాటర్న్ గీయడం) నేర్పుతామంటే ఏ సాఫ్ట్‌వేర్, గెర్బరా, లెక్ట్రానా, టుకానా, ఎన్ని సిస్టమ్‌ల మీద అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే ఇంకో కాలేజీ చూసుకోండి.

ఫీజు కట్టేస్తే అయిపోయిందనుకోవద్దు. బట్ట, లేసులు, షీట్లు, మార్కర్లు, ప్రింటౌట్లు ప్రతి నెలా ఉంటాయి. ప్రాక్టీసుకి కోరా గుడ్డ చిక్‌పేటలో తాను లెక్కన నలుగురు కలిసి కొనుక్కుంటే బాగా కలిసొస్తుంది. ఫైనల్ ఇయర్ కలెక్షన్ ఖర్చు వేరే, దానికి ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక బొటిక్. మారతహళ్లిలో పెళ్లి బ్లౌజు కుట్టించుకునే తెలుగావిడ మీ డిగ్రీ అడగదు. కటోరి కట్ సరిగ్గా కూర్చుందా, మగ్గం వర్క్ చంక దగ్గర గుచ్చుకుంటోందా, చెప్పిన రోజుకి ఇచ్చారా, ఇవే ఆవిడకి కావాలి. దీనికి డిప్లొమా చాలు. చేరేటప్పుడే కుట్టు బాగా వస్తే ఆర్నెల్ల ప్యాటర్న్ కోర్సు, తర్వాత మంచి మాస్టర్ దగ్గర ఏడాది పని. మిగిలిన డబ్బు షాపు అడ్వాన్సుకి దాచుకోండి, ఈ ఊళ్లో అడ్వాన్సులు తెలిసిందే.

ఇప్పుడు నేనే కొత్తవాళ్ల ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. పోర్ట్‌ఫోలియోల నిండా పొడుగు కాళ్ల బొమ్మలు, గాలికెగిరే గౌన్లు. ఈ మధ్య ఏఐతో చేసినవీ వస్తున్నాయి. నేను వెతికేది వేరు. గ్రెయిన్ లైన్ (బట్ట నూలు దిశ చూపే గీత), నాచ్‌లు (ముక్కలు కలిపే గుర్తులు), సీమ్ అలవెన్స్ (కుట్టుకి వదిలే అంచు) రాసిన ఒక్క ప్యాటర్న్, కోరా గుడ్డతో కుట్టిన మొదటి ట్రయల్ ఫోటో, అందులో ఏం సరిచేశారో పక్కన రెండు మాటలు, ఒక కాస్ట్ షీట్. ఇవున్న పిల్ల డిప్లొమా అయినా శాంపిల్ రూమ్‌కి తీసుకుంటాను, ఇప్పటికే తీసుకున్నాను కూడా. ఆ పిల్లకి మొదటి రోజే చెప్పేది దూరవిద్యలో డిగ్రీ కట్టమని.

మా పిన్ని కూతురు ఈ ఏడాదే ఇంటర్ అయింది. బీఎస్సీలో చేర్పించాం, శనాదివారాలు ఒక మాస్టర్ దగ్గర ప్యాటర్న్ నేర్చుకుంటోంది. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చేసుకోనిస్తోంది కాబట్టి రెండో ఏడాది నుంచి దానికి డిప్లొమా కూడా కట్టే ఆలోచన ఉంది. టైమింగ్స్ రెండింటికీ కుదిరే చోటు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం.