ఫ్యూయల్ పంప్ పోయిందన్నారా? కొత్తది కొనే ముందు ఇది చదవండి

పెట్రోల్ కారు ఉన్నవాళ్లందరికీ చెబుతున్నాను. నాలా అవసరం లేని ఫ్యూయల్ పంప్‌లు (టాంకులోని పెట్రోల్‌ని ఇంజన్‌కి పంపే మోటార్లు) రెండుసార్లు కొనకండి.

నా కారు అరగంట నడిచాక జెర్కులు ఇచ్చి ఆగిపోయేది. కాసేపు చల్లారితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. గ్యారేజీలో వెనక సీటు ఎత్తి, పంప్ కనెక్టర్ పీకి, మీటర్ పెట్టి చూశారు. "12 వోల్టులు వస్తున్నాయి, వైరింగ్ బాగుంది, పంపే పోయింది" అన్నారు. నమ్మి మార్పించాను. పది రోజులకే రద్దీ రోడ్డు మధ్యలో బండి మళ్లీ ఆగిపోయింది. వెనక హారన్ల మోత, కారులో పిల్లలు. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఈసారి కొత్త పంపే డిఫెక్ట్ అని ఇంకొకటి వేశారు. మొదట కొన్నది వాపసు ఇవ్వబోతే, ఒకసారి బిగించిన ఎలక్ట్రికల్ సామాను వెనక్కి తీసుకోబోమని షాపువాళ్లు తేల్చేశారు. రెండోదానితోనూ అదే కథ.

చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అసలు తప్పు పట్టుకున్నాడు. కనెక్టర్ పీకేసి కొలిస్తే ఆ వైరులో కరెంటు పారదు. లోపల ఒక్క పోగు మిగిలినా, జాయింటు తుప్పు పట్టినా మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది. పంప్ తిరుగుతూ నాలుగైదు ఆంపియర్లు లాగుతున్నప్పుడే వైరు బలహీనత బయటపడుతుంది. అందుకే అతను కనెక్టర్ పెట్టి ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్నులు దూర్చి, పంప్ నడుస్తుండగా కొలిచాడు. బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే పంప్ దగ్గర 9.1 మాత్రమే. పంప్‌కి కరెంటు పంపే రిలే (స్విచ్చు లాంటిది) వైపు పోతున్నది 0.3 వోల్టులు, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. మిగిలిన 3 వోల్టులూ పంప్ నుంచి కరెంటు కారు బాడీ ద్వారా తిరిగి వెళ్లే ఎర్త్ వైపే పోతున్నాయి! అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలట. సీటు కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పితే అడుగున అంతా తుప్పే. కరెంటు పారేకొద్దీ ఆ జాయింటు వేడెక్కేది, వేడెక్కేకొద్దీ పంప్‌కి వోల్టేజీ తగ్గేది, ప్రెషర్ పడిపోయి ఇంజన్ ఆగేది. చల్లారాక ఎందుకు స్టార్ట్ అయ్యేదో అప్పుడు అర్థమైంది. తుప్పు గీకి బోల్టు గట్టిగా బిగించాడు, అంతే. అటక మీద పెట్టిన, కారుతో వచ్చిన పాత కంపెనీ పంపే మళ్లీ వేయించాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆ గ్యారేజీవాళ్లు మోసం చేశారని అనను. కానీ పది నిమిషాల పరీక్ష చేయకుండా నాతో రెండు పంప్‌లు కొనిపించడం తప్పే.

మీ బండికి ఇలా జరిగితే ముందు తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా వినండి. చాలా కార్లలో వెనక నుంచి రెండు సెకన్లు సన్నటి మోత వస్తుంది. అది రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడమనండి. హారన్ రిలే అదే రకమైతే రెండూ అటూ ఇటూ మార్చి చూడొచ్చు. మోత వచ్చి కూడా ఇంజన్ అందుకోకపోతే ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ సంగతీ అడగండి. ఆ సిగ్నల్ అందకపోతే చాలా బళ్లలో కంప్యూటరే పంప్‌ని ఆపేస్తుంది. ఆ తర్వాత కూడా పంపే అంటే, అది నడుస్తుండగా రిలే వైపు, ఎర్త్ వైపు ఎన్ని వోల్టులు పోతున్నాయో మీ ఎదుటే కొలవమనండి. రీడింగులు బిల్లు మీద రాయించుకోండి, తీసిన పంప్ ఇంటికి తెచ్చుకోండి.

టాంకు దగ్గర మాత్రం మీరే వైర్లు తాకించి చూడొద్దు. పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పంప్ నిజంగానే పోయి మార్చాల్సి వస్తే కనెక్టర్ కూడా చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగినా, పిన్ను వదులైనా అదీ మార్పించండి. లేకపోతే కొత్త పంప్‌కీ కరెంటు సరిగా అందదు.