ఒక్క అంగలో దాటే వాగు, దాని పక్కన గోడ: మోడ్లరాయిట్ వెళ్లొచ్చాం

మేము జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉండబట్టి నాలుగేళ్లయింది. ఊరి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఇక్కడి మనవాళ్లంతా బెర్లిన్ గోడ చూపించడానికి తీసుకెళ్తారు, మేమూ రెండుసార్లు వెళ్లాం. అలాంటి గోడే మా ఇంటికి రెండు గంటల లోపు దూరంలో, పట్టుమని యాభై మంది కూడా లేని ఒక పల్లెలో కట్టారని నాకు ఈమధ్యే తెలిసింది. ఊరి పేరు మోడ్లరాయిట్. బవేరియా, తురింగియా రాష్ట్రాల సరిహద్దు మీద ఉంటుంది. అమెరికా సైనికులు దీన్ని 'లిటిల్ బెర్లిన్' అనేవాళ్లట. నేనూ, మా ఆయనా, తొమ్మిదేళ్ల బాబూ ఒక శని, ఆదివారాలు వెళ్లాం. బెర్లిన్ రెండుసార్లు చూసినా పట్టని విషయం నాకు ఇక్కడ పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వాగు సంగతి. టాన్‌బాఖ్ అంటారు. మా బాబు ఒక్క అంగలో దాటేశాడు, అంత చిన్నది. 1810లో ఈ వాగును బవేరియా రాజ్యానికీ రాయిస్ సంస్థానానికీ (ఇప్పటి తురింగియా వైపు) హద్దుగా పెట్టుకున్నారు. అప్పటి సరిహద్దు రాళ్లు ఇంకా ఉన్నాయి, ఒకవైపు 'కే బీ', ఇంకోవైపు 'ఎఫ్ ఆర్' అని ఆ రెండు రాజ్యాల పేర్ల పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. అయితే ఆ హద్దు వల్ల ఊళ్లో వాళ్లకు వందేళ్లకు పైగా పెద్ద ఇబ్బందేమీ రాలేదు. బడీ, సారాయంగడీ తురింగియా వైపు ఉండేవి, చర్చికి మాత్రం అందరూ బవేరియా వైపున్న టోపెన్‌కి వెళ్లేవాళ్లు. పన్ను కట్టే చోటు వేరు తప్ప ఊరు ఒకటే.

యుద్ధం అయ్యాక తురింగియా సోవియట్ల చేతికీ, బవేరియా అమెరికన్ల చేతికీ వచ్చాయి. 1949లో సోవియట్ల వైపు తూర్పు జర్మనీ, బవేరియా ఉన్న వైపు పశ్చిమ జర్మనీ అని రెండు జర్మనీలు ఏర్పడగానే ఊరి మధ్య వాగే రెండు దేశాల సరిహద్దు అయి కూర్చుంది. 1952లో తూర్పు జర్మనీ సరిహద్దు మూసేసి, ఊళ్లో మనిషి ఎత్తు దాటేలా చెక్క పలకల కంచె కట్టింది. తర్వాత ముళ్ల తీగ వచ్చింది. చివరికి 1966లో 700 మీటర్ల పొడవున, 3.3 మీటర్ల ఎత్తున కాంక్రీటు గోడ లేచింది. సరిహద్దు నుంచి 5 కిలోమీటర్ల మేర నిషిద్ధ ప్రాంతం, ఆఖరి 500 మీటర్లలో ఇంకా కఠినమైన నిబంధనలు. తూర్పు వైపు వాళ్ల ఇంటికి చుట్టాలు రావాలన్నా అనుమతి కాగితం ఉండాలి, అదీ తేలిగ్గా ఇచ్చేవాళ్లు కాదు. అన్నిటికన్నా నన్ను కదిలించింది ఒకటుంది. పడమటి వైపు వాళ్లు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపితే తూర్పు వైపు వాళ్లు తిరిగి చెయ్యి ఊపకూడదు! పలకరించడమూ నేరమే. ఎదురింటి వాళ్లు వాళ్లు. ఒకే బడిలో చదువుకున్న వాళ్లు. ఆ వాగు పక్కన నిలబడి మా ఆయనను అవతలి ఒడ్డుకు వెళ్లమన్నాను, మామూలు గొంతుతో మాట్లాడితే చక్కగా వినిపిస్తోంది. అంత దగ్గరలో ఉన్న మనిషికి 37 ఏళ్లు చెయ్యి కూడా ఊపకుండా ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకు గొంతు పట్టేసింది.

1973లో ఒక డ్రైవర్ వ్యాన్‌ను గోడ దగ్గరకు తెచ్చి, నిచ్చెన వేసుకుని అవతలికి దూకి బయటపడ్డాడు. 1983లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ వచ్చి, కెనెడీ బెర్లిన్‌లో అన్న 'నేనొక బెర్లిన్ వాడిని' అనే మాటను గుర్తుచేస్తూ 'నేనొక మోడ్లరాయిట్ వాడిని' అని జర్మన్‌లో అన్నారు. బెర్లిన్‌లో గోడ తెరుచుకున్నది 1989 నవంబర్ 9న అని అందరికీ తెలుసు కదా, ఇక్కడ మాత్రం ఊళ్లో వాళ్లు ఇంకో నెల ఆగాల్సి వచ్చింది. డిసెంబర్ 9న నడిచి దాటడానికి దారి తెరిచారు, 1990 జూన్ 17న పొక్లెయిన్ తెచ్చి గోడ పడగొట్టారు. ఓ వంద మీటర్లు మాత్రం గుర్తుగా ఉంచారు.

ఇప్పుడు చూడాల్సింది ఆ వంద మీటర్ల గోడ, కాపలా టవర్, ఇనుప కంచెలు, జర్మన్-జర్మన్ మ్యూజియం. చాలామంది నేరుగా మ్యూజియంలోకి వెళ్తారు, నా సలహా మాత్రం తిరగేసి చెయ్యండి. ముందు వాగు వెంట ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు నడవండి, చెరువు గట్టు దగ్గర కాసేపు కూర్చోండి, తర్వాత లోపలికి వెళ్లి సినిమా చూడండి. అప్పుడు పాత ఫొటోలో కనిపించే ఇల్లు ఏదో మీకే తెలుస్తుంది. సరిహద్దు గస్తీ వాహనాలు ఉన్న షెడ్డు మా బాబుకు తెగ నచ్చింది, నాకైతే పది నిమిషాలు చాలు. మొత్తానికి మూడు గంటలు పట్టింది, తొందరలేకపోతే ఇంకో గంట వేసుకోండి. సోమవారం మ్యూజియం ఉంటుందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి.

ఊరు కలిసినా రాష్ట్రాలు రెండే. ఇటు, అంటే బవేరియా వైపు, 95183 పోస్టల్ కోడ్, అటు తురింగియా వైపు 07926. ఇటు టోపెన్ పంచాయతీ కింద, అటు గెఫెల్ కింద. జనవరి 6 ఇటువైపు సెలవు, అటు పనిదినం. అక్టోబర్ 31 అటు సెలవు, ఇటు పనిదినం! మేము గమనించిందేమిటంటే బవేరియా వైపు 'గ్రూస్ గాట్' అని పలకరిస్తారు, వాగు దాటాక 'గూటెన్ టాగ్'.

బస విషయానికొస్తే, మేము రెండు రాత్రుల్లో రెండు చోట్ల ఉన్నాం. మొదటి రాత్రి దగ్గర్లోని పట్టణం హోఫ్‌లో, స్టేషన్‌కు దగ్గరలో ఒక హోటల్. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రి తొమ్మిదికి చేరేసరికి వంటగది మూసేశారు. బుక్ చేసేటప్పుడు భోజనం ఉంటుందని రాశారు, అడిగితే క్షమించమన్నారు తప్ప కనీసం వేడినీళ్ల కెటిల్ కూడా ఇవ్వలేదు. పిల్లాడితో ఆ రాత్రి బిస్కెట్లతో సరిపెట్టుకున్నాం, నాకు చాలా బాధేసింది. రెండో రాత్రి మోడ్లరాయిట్ పక్క ఊళ్లో ఒక రైతు కుటుంబం అద్దెకిచ్చే పై వాటా. చిన్న వంటిల్లు, రెండు గదులు, కిటికీ తీస్తే పొలాలు. ధర హోటల్ కన్నా తక్కువే. ఇంటావిడ పొద్దున్నే గుమ్మం ముందు గుడ్లు పెట్టి వెళ్లింది, మేము అన్నం, టమాటా పప్పు వండుకుని తిన్నాం. ఫోన్ సిగ్నల్ సరిగా లేదు, కార్డు తీసుకోరు, నగదే ఇవ్వాలి. అయినా మళ్లీ వెళ్తే నేరుగా ఇక్కడికే.

కారు లేకుండా వెళ్లడం కష్టం. న్యూరెంబర్గ్ నుంచి హోఫ్ దాకా లోకల్ రైలు హాయిగా ఉంటుంది, దేశమంతా లోకల్ రైళ్లలో తిరగడానికి ఇచ్చే 'డాయిచ్‌లాండ్ టికెట్' అనే నెలవారీ టికెట్ చెల్లుతుంది. అసలు చిక్కు హోఫ్ దాటాకే. వారాంతంలో బస్సు నమ్ముకోలేం, ఆదివారం టాక్సీ కోసం మేము గంటకు పైగా ఎదురుచూశాం. స్నేహితులతో కలిసి కారు అద్దెకు తీసుకోవడం మేలు. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు కాబట్టి సామాన్లు శనివారమే కొనుక్కోండి. శాకాహారులకు ఇక్కడ హోటల్లో దొరికేది బంగాళదుంప ఉండలు, పుట్టగొడుగుల సాసు, అంతే. మాంసం తినేవాళ్లయితే హోఫ్ వీధుల్లో ఇత్తడి బిందె లాంటి పాత్రలో వేడి సాసేజ్‌లు అమ్మే మనిషి దగ్గర తప్పక తినాలని మా ఆయన గట్టిగా చెప్పమన్నారు.

హోఫ్ స్టేషన్‌లో దిగినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. పశ్చిమ జర్మనీకి వెళ్లిపోవాలని ప్రాగ్‌లోని ఆ దేశ రాయబార కార్యాలయంలో తలదాచుకున్న తూర్పు జర్మన్లను తెచ్చిన రైళ్లు 1989 అక్టోబర్ 1న ఆగింది ఈ స్టేషన్‌లోనే. సమయం ఉంటే ప్లావెన్ కూడా దగ్గరే, ఆ అక్టోబర్ 7న తూర్పు జర్మనీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేలమంది వీధుల్లోకి వచ్చిన పట్టణం. మేము ఒక గంట మాత్రమే ఉన్నాం.

డిసెంబర్‌లో మా నాన్నగారు వస్తున్నారు. ఈసారి ఆయనకు బెర్లిన్ కన్నా ముందు ఈ ఊరే చూపించాలనుకుంటున్నాం, 9వ తేదీకి కుదిరేలా ఆ రైతు ఇంట్లో రెండు రాత్రులు అడిగి పెట్టాను. చలికి వాగు గడ్డకడుతుందని ఇంటావిడ చెప్పింది, బూట్లు మంచివి తెచ్చుకోమంది.