సౌరజ్వాలలు చూపిస్తామంటూ అమ్ముతున్న ఆ హెచ్-ఆల్ఫా ఫిల్టర్ కొనకండి, కొని ఉంటే కన్ను పెట్టకండి

బెజవాడ, గుంటూరు వైపు ఇంట్లో టెలిస్కోపు ఉన్నవాళ్ళందరికీ, ముఖ్యంగా పిల్లలున్నవాళ్ళకి ఇది రాస్తున్నాను. పోయిన నెల టెలిస్కోపుకి బిగించే అలాంటి ఫిల్టర్ సెట్టు ఒకటి కొన్నాను. 9,400 రూపాయలు పోయాయి, అదలా ఉంచండి. మా మేనల్లుడి కన్ను పోవాల్సింది.

నాది 70 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు. ముందు కటకానికి సోలార్ ఫిలిం బిగించి, సత్యనారాయణపురంలో మా డాబా మీద ఆదివారం పొద్దున్నే సూర్యుడి మచ్చలు చూసి కాగితం మీద గీసుకుంటాను. 2024 మే నెలలో 3664 నంబరు మచ్చల గుంపు వచ్చినప్పుడు గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుంటే చాలు, టెలిస్కోపు లేకుండానే కనిపించింది. మే 10 రాత్రి దాని దెబ్బకి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. 2003 తర్వాత అంత పెద్ద భూ అయస్కాంత తుఫాను మళ్ళీ అదే. ఆ మచ్చల్ని అన్ని రోజులు చూశాను కానీ, వాటిలోంచి లేచిన సౌరజ్వాల, అంటే ఒక్కసారిగా పేలినట్టు మెరిసే వెలుగు, ఒక్కటి కూడా నా కంటపడలేదు. తెల్లకాంతి ఫిలింలోంచి జ్వాలలు కనపడవు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో సూర్యుణ్ణి గమనించే కారింగ్టన్‌కి కనిపించినట్టు ఎప్పుడో నూటికో కోటికో ఒకటి కనపడాల్సిందే. ఆ వెలితి నాలో ఉండిపోయింది.

ఆ ప్రకటన పట్టుకున్నదీ ఆ వెలితినే. "గుంటూరులో జాన్సెన్ చూసిన జ్వాలలు ఇక మీ డాబా మీద నుంచే" అని వేశారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచిన ఎర్రటి మంటల్లాంటి ప్రామినెన్సుల (ఇవి సౌరజ్వాలలు కావు, వేరు) వెలుగుని, కాంతిని రంగులుగా చీల్చే వర్ణపటదర్శినిలో చూశాడు. గ్రహణం అయిపోయాక మర్నాడు మామూలు ఎండలో కూడా వాటిని చూడగలిగాడు. మన గడ్డ మీద జరిగిన ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. దాన్ని ఎరగా వేశారనే నాకు ఎక్కువ బాధ.

సెట్టులో మూడు వస్తువులొచ్చాయి. ఐపీస్‌కి, అంటే కన్ను పెట్టే వైపు కటకానికి, మర తిప్పి బిగించే 1.25 అంగుళాల "హెచ్-ఆల్ఫా సౌరజ్వాల ఫిల్టర్", దానితో ఉచితంగా ఇచ్చిన నల్లటి గాజు "సన్ ఫిల్టర్", ఒక "జ్వాల అలారం" డబ్బా. ఎలా వాడాలని ఫోన్ చేస్తే అవతలాయన, "ముందున్న ఫిలిం తీసేయండి సార్, అది ఉంటే వెలుతురు చాలదు. మాది ఐపీస్‌కి బిగించి చూసేయండి" అన్నాడు.

ఫిలిం తీసేయమనడంతో నాకు గుండె ఆగినంత పనైంది. సూర్యుడికి వాడే మంచి ఫిలిం వెలుతుర్ని లక్షో వంతుకి తగ్గిస్తుంది, అదీ టెలిస్కోపు లోపలికి వెళ్ళకముందే. తీసేస్తే ఎండంతా కటకంలో పోగై ఐపీస్ దగ్గర ఒక్క చుక్కగా దిగుతుంది. పిల్లలు భూతద్దంతో కాగితం కాల్చడం చూశారుగా, ఇది అదే. ఈలోగా తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు, "మావయ్యా, నేను ముందు చూస్తా" అని వంగుతున్నాడు. భుజం పట్టి వెనక్కి లాగేశాను.

ఎవరం కన్ను పెట్టకుండా, ముందు ఆ నల్ల గాజు బిగించి ఐపీస్ వెనక తెల్ల కాగితం పట్టి చూశాం. రెండు నిమిషాలు కాకుండానే టక్కుమని గాజు అడ్డంగా పగిలింది, కాగితం మీద భగ్గుమని వెలుగు పడింది. ఆ సమయంలో వెనక ఒక కన్ను ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. రెటీనాకి నొప్పి తెలియదు, కాలిపోతున్నా కాలుతున్నట్టు ఉండదు. చూపు తేడా కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది.

తర్వాత హెచ్-ఆల్ఫా ఫిల్టర్ రింగు అంచు భూతద్దంతో చదివితే "7 ఎన్‌ఎం" అని ఉంది. అంటే 7 నానోమీటర్ల వెడల్పున్న రంగుల్ని అది లోపలికి వదులుతుంది. గుట్టంతా అక్కడే ఉంది. అది రాత్రిపూట నీహారికల్ని కెమెరాతో తీసేవాళ్ళు వాడే ఫిల్టర్. జ్వాలలు కనిపించే హైడ్రోజన్ ఎర్ర గీత, అంటే హెచ్-ఆల్ఫా, 656.28 నానోమీటర్ల దగ్గర చాలా సన్నగా ఉంటుంది. దాన్ని పట్టాలంటే ఫిల్టర్ వెడల్పు 1 ఆంగ్‌స్ట్రామ్ కంటే తక్కువ ఉండాలి. 7 నానోమీటర్లంటే 70 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంత వెడల్పులో ఆ గీత చుట్టూ ఉన్న మామూలు సూర్యకాంతి కలిసి జ్వాలల్ని ముంచేస్తుంది. జాన్సెన్ వెలుతుర్ని చీల్చి గీత మాత్రం మిగుల్చుకున్నాడు కాబట్టే గ్రహణం లేకుండా చూడగలిగాడు, ఈ గాజు ఆ పని చెయ్యలేదు. పైగా ఇది వెలుతుర్ని దాదాపు నలభయ్యో వంతుకే తగ్గిస్తుంది. ముదురు ఎరుపు మన కంటికి మసకగా కనిపిస్తుంది గనుక "పరవాలేదు, చూడొచ్చు" అనిపిస్తుంది కూడా, దీనిలో ప్రమాదమంతా ఆ భ్రమే. నిజమైన హెచ్-ఆల్ఫా సౌర టెలిస్కోపులో వేడిని ఆపే గాజు, సన్నటి గీతని ఏరే ఎటలాన్ అన్నీ కలిసి ఉంటాయి, వాటి ధర కూడా అలాగే ఉంటుంది. ఈ ధరకి ఎవరైనా ఇస్తానంటే అది అసలుది కాదు.

అలారం డబ్బా గురించి ఎక్కువ చెప్పను. అది ఫోన్లలో ఉండే తరహా అయస్కాంత సెన్సర్. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు కదిలినా, కింద బండి తీసినా మోగుతుంది. అసలు ఆ ఆలోచనే తప్పు: జ్వాల వెలుగు 8 నిమిషాల్లో వస్తుంది కానీ, అయస్కాంత తుఫాను తెచ్చే, సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశపు వాయువు) మేఘానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, అదీ మనవైపు వస్తే. 2024 మే తుఫానంతటిది కూడా మన దిక్కున 40 వేల నానోటెస్లాల పైచిలుకు ఉండే భూక్షేత్రంలో ఒక శాతం అటూ ఇటూ కదిపింది. లిఫ్టు పక్కన పెట్టిన డబ్బాకి అదెక్కడ తెలుస్తుంది?

డబ్బు అడిగితే "గాజు వాడి పగలగొట్టారు" అని ఫోన్ పెట్టేశారు.

జ్వాలని ఇంట్లోనే పట్టాలనుకునేవాళ్ళకి రేడియో దారి ఉంది. తిరునల్వేలి దగ్గర విజయనారాయణం నుంచి నౌకాదళం 18.2 కిలోహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుంది. చెక్క చట్రానికి రాగితీగ చుట్టలు చుట్టి లాప్‌టాప్ సౌండ్ కార్డుకి కలిపితే ఆ సంకేతం అందుతుంది. పగటిపూట జ్వాల వచ్చినప్పుడు దాని ఎక్స్-కిరణాలు అయనావరణం (భూమికి పైన, రేడియో తరంగాల్ని తిప్పికొట్టే గాలి పొర) అడుగు పొరని మారుస్తాయి, సంకేతం బలం గ్రాఫు చటుక్కున లేచి నెమ్మదిగా వాలుతుంది. ఇన్వర్టర్లకి, ఇండక్షన్ స్టవ్‌లకి దూరంగా పెట్టుకోవాలి, మన అపార్ట్‌మెంట్లలో కష్టం అదొక్కటే.

ఇలాంటి సెట్టు మీ దగ్గర ఉంటే రింగు మీద అంకె చూడండి. 7 ఎన్‌ఎం, 12 ఎన్‌ఎం అని ఉంటే పగలు టెలిస్కోపుకి బిగించొద్దు, కెమెరా ఉంటే రాత్రి మృగశిర కింది నీహారిక వైపు తిప్పండి. నల్ల గాజు ఉంటే మాత్రం పిల్లలకి దొరక్కుండా ఈరోజే పగలగొట్టి పారేయండి.