కిలో లెక్కన అమ్మే ‘స్టెయిన్డ్ గ్లాస్’ మొజాయిక్ కిట్లతో జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంట్లో గాజు మొజాయిక్ పని (రంగు గాజు ముక్కలు అతికించి డిజైన్లు చేసేది) చేసేవాళ్లెవరైనా ఆన్‌లైన్లో కిలో ‘స్టెయిన్డ్ గ్లాస్ కిట్’ ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగండి. నాకు వచ్చిన డబ్బాలో స్టెయిన్డ్ గ్లాస్, అంటే గాజులోనే రంగు కలిసినది, అన్నదే లేదు. అంతా మామూలు కిటికీ గాజే, వెనకాల రంగు పూత వేసి పంపారు.

పైనుంచి చూస్తే ఏమాత్రం తెలీదు. గేటు పక్కన పెట్టే ఇంటి పేరు బోర్డుకి ఎరుపు, నీలం ముక్కలు అతికించి, గ్రౌట్ (ముక్కల సందుల్లో నింపే సిమెంట్ ముద్ద) పూసి, తడి స్పాంజితో తుడుస్తుంటే ఎరుపు పొరలు పొరలుగా లేచి స్పాంజికి అంటుకుంది. మర్నాటికి ముక్కల కింద తెల్ల మచ్చలు తేలాయి. అమ్మినాయన్ని అడిగితే “నీళ్లు తగలనీకూడదు మేడమ్” అన్నాడు. గ్రౌట్ కలిపేదే నీళ్లతో గదయ్యా అంటే మాట్లాడడు. తర్వాత, ప్యాకెట్ తెరిచారు కాబట్టి వాపసు లేదని మెసేజ్ పెట్టి నా నంబర్ బ్లాక్ చేశాడు. తెరవకుండా లోపల ఏముందో ఎట్టా తెలుస్తుంది?

నిజమైన రంగు గాజుకి రంగు కొలిమిలోనే పడుతుంది. నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చకి ఇనుము లేదా క్రోమియం, మంచి ఎరుపుకి సెలీనియం, కాడ్మియం. కొన్ని గులాబీ ఛాయలకైతే బంగారమే వాడతారు. అందుకే ఎరుపు, నారింజ గాజు ఆకుపచ్చ కంటే ఖరీదు. అన్ని రంగులూ ఒకే చవక ధరకి ఇస్తున్నారంటే అక్కడే అనుమానపడాలి.

చూసుకోవడం కష్టమేం కాదు. కళ్లకి పెంకులు తగలకుండా అద్దాలు పెట్టుకుని, నిప్పర్‌తో (గాజు ముక్కలు విరిచే పటకారు) ఒక ముక్క విరిచి, విరిగిన అంచు చూడండి. లోపల కూడా రంగుంటే మంచి సరుకే. అంచు లేత ఆకుపచ్చగా, నీళ్లలాగా ఉండి, ఒక పక్కన మాత్రం సన్నటి రంగు గీత కనపడి, అది బ్లేడుతో గీరితే లేచిపోతే పూతే. గోళ్లరంగు తుడిచే రిమూవర్ దూదికి అద్ది వెనకవైపు రుద్దినా తేలిపోతుంది. (కాల్చి వేసిన పూత దానికి రాదు, అది ఉన్నంతలో నయం.) పూత ముక్కలు బొత్తిగా పనికిరావని కాదు, తడి తగలని ఫోటో ఫ్రేముకి వాడుకోవచ్చు. కానీ ఆ మాట చెప్పి, ఆ ధరకే అమ్మాలి.

తూకంలోనూ మోసమే. ‘కిలోకి మూడు చదరపు అడుగులు’ అని రాశారు. 4 మిల్లీమీటర్ల మందం గాజు చదరపు మీటరుకి 10 కిలోలు తూగుతుంది. అంటే కిలోకి వచ్చేది ఒక చదరపు అడుగు, ఇంకాస్త. సందులు ఎంత వదిలినా మూడు అడుగులు ఎక్కడివి? పైగా ఆ కిలోలో గాజు పొడి, సూదుల్లాంటి పెంకులు కూడా కలిసే ఉన్నాయి. ప్యాకెట్ మీద తయారీదారు పేరు లేదు, ఎం.ఆర్.పి. లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం రెండూ ఉండి తీరాలి.

కిట్‌తో వచ్చిన ఎండీఎఫ్ (చెక్క పొట్టుతో నొక్కి చేసే) పలక సంగతి సరే సరి, మన సముద్రపు గాలికి అంచులు ఉబ్బాయి. బయట పెట్టేదానికి సిమెంట్ బోర్డు తీసుకోండి. అద్దం ముక్కలు అతికించేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ జిగురు వద్దు, వెనకున్న వెండి పూతని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసున్నది అడగండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. డబ్బా తెరిచేటప్పుడు వీడియో, బిల్లు, వాళ్ల చాటింగ్ దాచుకోండి. నేను బ్లాక్ కాకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

గూడూరు పక్కన చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు లారీల మీద పోతుంటే, మనం మాత్రం రంగేసిన కిటికీ పెంకులు కొనుక్కుంటున్నాం! ప్రస్తుతానికి నేను టైల్స్ షాపులో స్విమ్మింగ్ పూల్‌కి వేసే గాజు మొజాయిక్ షీట్లు తెచ్చుకుంటున్నా. షీటు సుమారు అడుగు చదరం ఉంటుంది, విడిగా ఇస్తారు, అక్కడే ఒకటి విరిచి చూపించమనొచ్చు. గాజు కోసే షాపుల్లో మిగిలిన రంగు ముక్కలు అడిగితే చవగ్గానే ఇస్తున్నారు. మంచి ఎరుపు మాత్రం ఇంకా దొరకలా. అంచు విరిచి చూసి కొన్నవాళ్లెవరైనా ఉంటే ఎక్కడ దొరికిందో కింద రాయండి.