నాలుగేళ్ళు, 58 వేల కిలోమీటర్లు: సీమ ఎండల్లో మా ఇంటి బండి

ఏప్రిల్ నెల. తాడిపత్రి దాటాక ఒక పెట్రోలు బంకు ఆవరణలో బండి నిలిపాము. పొద్దు గూకి గంటన్నర అయింది. బయట చిన్నగా గాలి తిరుగుతోంది. లోపల మంచం మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి చాచి కప్పును తాకితే అరచేతికి సెగ తగిలింది, దోసె తీసేసిన పెనం దగ్గర చెయ్యి పెట్టినట్టు. ఆ రాత్రి మా ఆయనా నేనూ బయట చాప పరుచుకుని పడుకున్నాము. లక్షలు పోసి చేయించుకున్న బండి మా పక్కనే ఖాళీగా ఉంది.

క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే వండుకుని పడుకుంటూ తిరిగే బండి, చేయించుకోవాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది మంచం ఎంత పొడవు, వంటగట్టు ఎక్కడ అని. ఈ బండ్ల గురించి దొరికే సలహాలు చాలావరకు చలిదేశాలవి. అక్కడ లోపలి వెచ్చదనం బయటికి పోకుండా చూసుకుంటారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో తిరిగే బండికి ముందు కప్పు, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే మిగతావన్నీ. ఈ మాట నాకు మొదటి వేసవి నేర్పింది.

2021లో పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌ను పాతది కొని, సీట్లు తీయించి, మంచం, గట్టు, ట్యాంకు బిగించుకున్నాము. నేను బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని, మా ఆయన విద్యుత్ శాఖలో పనిచేశారు. ఇల్లు అనంతపురంలోనే. రాజస్థాన్, కొంకణ్ దాకా వెళ్ళివచ్చినా, బండిలో మేము గడిపిన రాత్రుల్లో ఎక్కువ భాగం ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కలే.

కప్పు సంగతి చెబుతాను. మా అమ్మమ్మది మట్టి మిద్దె. పైన మూరెడు మందాన చవుడు మట్టి, నడిమింట్లో వెలుతురుకూ పొగ పోవడానికీ కప్పుకు గవాచి అనే కంత. మే నెల మధ్యాహ్నం కూడా ఆ ఇంట్లో నిద్ర పట్టేది. రేకు కప్పుకు ఈ రెండూ లేవు. అందుకే రెండో ఏడాది లోపలి ప్లైవుడ్ అంతా విప్పించి, రేకుకు అంటుకునేలా 25 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు పరిపించాము. పైన ఎండను తిప్పికొట్టే తెల్లరంగు రెండు పూతలు వేశాము. సోలార్ పలకలను కప్పుకు ఆనించకుండా మూడు వేళ్ళ ఎత్తులో బిగించాము. వాటి కింద గాలి ఆడుతుంది, ఆ పలకలే కప్పుకు నీడ అవుతాయి. ఇక గవాచి స్థానంలో పై నుంచి గాలిని బయటికి లాగే చిన్న ఫ్యాను. దీన్ని వాడే పద్ధతి ఒకటుంది. కిటికీలన్నీ తెరవకూడదు. నీడ వైపున్న ఒక్క కిటికీ మాత్రం జానెడు తెరవాలి. అప్పుడు చల్లగాలి ఆ ఒక్క దారినే మంచం మీదుగా వస్తుంది. ఆ కిటికీకి తడిపిన గోనె పట్టా కడితే ఇంకా హాయి. అనంతపురం పొడి ఎండలో నీరు త్వరగా ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. సముద్రతీరపు ఉక్కలో ఇదే పట్టా ఎందుకూ పనికిరాలేదు.

ఏసీ కూడా ఉంది. మా ఆయన ప్రతిదాన్నీ యూనిట్లలోనే లెక్కకడతారు, నాకూ ఆ లెక్కే సులువు. మా లిథియం బ్యాటరీ 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్లు. ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తింటుంది. ఫ్యాను రాత్రంతా తిరిగినా పావు యూనిట్. కనుక లాడ్జి ఆవరణలోనో బంధువుల ఇంటి ముందో వైరు తగిలించుకున్న రోజే ఏసీ. దానికి పెట్టిన డబ్బు ముందే కప్పుకు పెట్టి ఉండవలసింది. మొదట పెట్టిన రెండు సీసపు బ్యాటరీలు రెండు వేసవుల్లో చచ్చాయి. వేడి వాటి ఆయుష్షును తినేస్తుంది. పైగా ఛార్జింగ్ అయ్యేటప్పుడు వాటినుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి, పడుకునే చోట మూసిన పెట్టెలో వాటిని ఉంచకూడదు.

ఎండ కావాలా, నీడ కావాలా అన్నది ఈ బండితో రోజూ వచ్చే చిక్కు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడడానికి వెళ్ళినప్పుడు ఇది బాగా తెలిసింది. అయిదెకరాల మేర ఊడలు దించుకున్న ఆ చెట్టు పరిసరాల్లో నీడ పట్టున బండి పెట్టుకుంటే ప్రాణం లేచివచ్చింది, బ్యాటరీ మాత్రం నిండలేదు. ఇప్పుడు మడతపెట్టే పలక ఒకటి, పది మీటర్ల వైరు వెంట ఉంటాయి. బండి వేపచెట్టు కింద, పలక ఎండలో. నడినెత్తి ఎండలో పలకలు ఎక్కువ ఇస్తాయనుకోకండి, బాగా కాగితే వాటి రాబడి తగ్గుతుంది. మా మీటరులో ఏప్రిల్ కంటే జనవరి చివరి రోజులే కొన్నిసార్లు మెరుగ్గా కనిపించాయి.

ఆ దారిలోనే ఒక వేరుశనగ చేను దగ్గర నీళ్ళ కోసం ఆగాము. మోటారుకు కరెంటు ఉన్న వేళ. "కరెంటు పోకముందే పట్టుకోండమ్మా" అని ఒక పెద్దమ్మ పైపు మా చేతికిచ్చి, బండెక్కి లోపలంతా కలయజూసింది. "పొయ్యి ఉంది, మంచం ఉంది. మరి వసారా ఏది తల్లీ?" అంది. లక్షలు తీసుకున్న పనివాళ్ళెవరూ అడగని ప్రశ్న అది. మన ఇళ్ళలో పగటి బతుకంతా వసారాలోనే కదా. ఇంటికి రాగానే బండి ఎడమ పక్కకు చుట్టుకుపోయే గుడ్డ పందిరి ఒకటి కొని బిగించాము. అది గండికోటలో ఒక్క సాయంత్రపు గాలికి చెయ్యి విరుచుకుంది. పెన్నా లోయ అంచున గాలి అకస్మాత్తుగా లేస్తుంది. ఇప్పుడు నారుమళ్ళకు కట్టే పచ్చటి షేడ్ నెట్, రెండు వెదురు గడలు, నాలుగు తాళ్ళు. వల కళ్ళలోనుంచి గాలి దాటిపోతుంది, నీడ మిగులుతుంది. దాని కింద పీట వేసుకుని ఉగ్గానికి బొరుగులు తడుపుతుంటే నాకు బండి ఇల్లయినట్టు ఉంటుంది.

నీళ్ళు. మా ట్యాంకు 120 లీటర్లు, అంటే నిండితే 120 కిలోల బరువు. దాన్ని కప్పు మీద పెట్టవద్దు. మధ్యాహ్నానికి నీళ్ళు కాగుతాయి, మలుపుల్లో బండి ఊగుతుంది. మాది మంచం కింద, ఇరుసుకు దగ్గరగా ఉంది. షవరు ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళు రెండో రోజుకే అయిపోయేవి. దాన్ని తీసేసి బకెట్, చెంబు పెట్టాక నాలుగు రోజులు వస్తున్నాయి. స్నానానికి మనిషికి ఎనిమిది లీటర్లు చాలు. పాత్రలు కడిగే కుళాయికి కాలితో తొక్కే పంపు పెట్టించండి. చెయ్యి ఖాళీగా ఉంటుంది, కాలు ఆపితే ధార ఆగుతుంది.

బోరు నీళ్ళ విషయంలో జాగ్రత్త. మా జిల్లాలో ఫ్లోరైడ్ ఎన్ని మోకాళ్ళను వంచిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ మరగబెడితే పోయేది కాదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకూ శుద్ధి చేసిన నీళ్ళ డబ్బా వేరుగా పెట్టుకుంటాము, ఇరవై లీటర్లది. ట్యాంకు నీళ్ళు వాడకానికే. ఆ నీళ్ళ ఉప్పు కూడా తక్కువది కాదు. పంపు జాలీకి సున్నం పూసినట్టు తెల్లటి పెచ్చు కడుతుంది. మూడు నెలలకొకసారి గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి రాలిపోతుంది.

మరుగుదొడ్డికి ఇరవై లీటర్ల తీసి పెట్టుకునే పెట్టె. ఇద్దరికి మూడు రోజులు. దాన్ని సరైన మరుగుదొడ్డిలోనే, అడిగి మరీ పారబోస్తాము, తర్వాత రెండు బకెట్ల నీళ్ళు పోసి కడిగి వస్తాము. పొలం గట్టున, వంకల్లో కుమ్మరించేవాళ్ళను చూశాను. మన తర్వాత వచ్చే బండిని ఆ ఊళ్ళో నిలవనివ్వకపోతే తప్పు ఊరిది కాదు.

గ్యాసుకు అయిదు కిలోల సిలిండరు చాలు, నెలన్నర వస్తుంది. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకని సిలిండరు ఉంచే అర కింది భాగంలో బయటికి రంధ్రం ఉండాలి. పొయ్యి వెలిగించినప్పుడు గవాచి ఫ్యాను తిరగాలి.

రాత్రి ఎక్కడ ఆగాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఎండిన ఏట్లో ఇసుక మెత్తగా, విశాలంగా, ఎవరూ లేకుండా పిలుస్తుంది. ఎన్నడూ ఆగవద్దు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. అంతకు రెండు నెలల ముందు, చినుకు లేని ఒక రాత్రి మేము ఒక ఏటి ఇసుకలోనే పడుకున్నాము. ఆ వార్త చూసినరోజు నాకు అన్నం దిగలేదు. పైన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ ఏరు వస్తుంది, మన నెత్తిన మబ్బు ఉండనక్కరలేదు. ఇప్పుడు మా మజిలీలు పెద్ద పెట్రోలు బంకులు, గుడి ఆవరణలు, అడిగి నిలిపే నూర్పిడి కళ్ళాలు. చీకటి పడకముందే వెళ్ళి, ఊరు పేరు, పని చెప్పి అడిగితే నాలుగేళ్ళలో కాదన్నవాళ్ళు తక్కువ.

శ్రీశైలం వెళ్ళేవాళ్ళు నల్లమల రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా వెళుతూ ఆలస్యమైతే చెక్‌పోస్టు ముందు లారీల వరసలో తెల్లవారుతుంది. రాయచోటి నుంచి కడపకు దిగే గువ్వలచెరువు ఘాట్ ఇంకా జాగ్రత్త కోరుతుంది. నిండు ట్యాంకుతో దిగకండి. రెండో గేరులో ఇంజను పట్టుమీదే దించాలి, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే అది కాగి పట్టు వదిలేస్తుంది. మా ఆయన ఈ ఘాట్‌లో నాతో మాట్లాడరు, నేనూ మాట్లాడను. దిగాక పాలకోవా తిని అప్పుడు నోరు విప్పుతాము.

మట్టిరోడ్డు మీద బండి వెనక తలుపు సందుల్లోనుంచి దుమ్మును లోపలికి పీలుస్తుంది. కిటికీలు మూసి, ముందు వైపు పైకిటికీ మాత్రం కొంచెం తెరిచి నడిపితే లోపలికి గాలి తోసుకొచ్చి దుమ్మును ఆపుతుంది. బండిని సమంగా నిలపడానికి మొదట్లో బేతంచెర్ల నాపరాతి ముక్కలు వాడాము. గులక మీద పెడితే బరువుకు పగిలాయి, వేప దుంగ చెక్కలు నిలబడ్డాయి.

కాగితాల మాట కూడా చెప్పాలి. రవాణా శాఖ అనుమతి లేకుండా సీట్లు తీసి మంచాలు బిగించడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర మాట పడిపోతుంది. పనివాళ్ళు "అదంతా తర్వాత చూసుకోవచ్చు" అంటారు. ముందే చూసుకోండి. మాకు ఆ ఆలస్యానికి అయిదు నెలలు బండి ఇంటి ముందే ఉండిపోయింది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, రోజూ తలంటుకోకపోతే కుదరదనుకునేవాళ్ళకు, ఏడాదిలో పది రోజులకు మించి తిరగనివాళ్ళకు నేను ఈ బండి కొనమని చెప్పను. పది రోజులకైతే అద్దెకు తీసుకోవడం మేలు, అదీ డిసెంబరులో కాకుండా ఎండలు ముదిరిన నెలలో తీసుకుని చూడండి. మాకు మాత్రం ఇది కావలసినదే. మేము బెలుం గుహలు చూసి పైకి వచ్చి, చెమట తడి ఆరకుండానే మా సొంత కుండలో నీళ్ళు ముంచుకుని, మా సొంత వసారాలో కూర్చున్న మధ్యాహ్నాన్ని ఏ లాడ్జీ ఇవ్వలేదు.

కప్పు మీది తెల్లరంగు ఈ ఏడు అంచుల్లో మాసింది. డబ్బా తెచ్చిపెట్టాము. మార్చి మొదటి వారంలోపు రెండు పూతలు పడాలి, అవి ఆరగానే యాగంటికి.