నిమిషం వీడియోనా, పావుగంట వీడియోనా: గోదావరి డెల్టా గోడు చెప్పడానికి ఏది మేలు?

రెండు కుక్కర్లు, రెండింట్లో రెండు గుప్పెళ్ల కందిపప్పు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు పోశాం, రెండోదాంట్లో కొనుక్కొచ్చిన క్యాన్ నీళ్లు. నాలుగేసి విజిళ్లు. మూతలు తీసి గరిటెతో మెదిపితే క్యాన్ నీళ్ల పప్పు వెన్నలా నలిగింది. బోరు నీళ్ల పప్పు మాత్రం గరిటె కింద నుంచి జారి పక్కకు పోయింది, గింజకు గింజ అలాగే ఉంది. వెనక నుంచి మా అమ్మ గొంతు: "ఈ బోరు నీళ్లతోనే కదరా నీకు పప్పన్నం పెట్టి పెంచింది!"

అంతే. 45 సెకన్లు. పర్యావరణం అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేను ఇప్పటిదాకా పెట్టిన వాటిలో ఎక్కువమంది చూసింది అదే.

అంతకు రెండు నెలల ముందు ఇదే విషయం మీద పదహారు నిమిషాల వీడియో చేశాను. మ్యాపులు, బాణం గుర్తులు, "సుస్థిర జలవనరులు" అని గంభీరమైన టైటిలు. కోనసీమలో కాట్రేనికోన, అల్లవరం వైపు సముద్రానికి దగ్గరి ఊళ్లలో మంచినీళ్లు ఉప్పునీటి మీద పల్చటి పొరలా తేలుతుంటాయనీ, మోటార్లతో లాగేకొద్దీ కింది ఉప్పు పైకొస్తుందనీ, అలాంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువై పప్పును ఉడకనివ్వవనీ ఓపిగ్గా చెప్పాను. చూసినవాళ్లలో సగం మా చుట్టాలే. ఎవరు ఎంతసేపు ఉన్నారో యూట్యూబ్ చూపించే గ్రాఫులో గీత, మొదటి అర నిమిషంలోనే చెట్టు మీంచి కొబ్బరికాయ రాలినట్టు రాలింది.

అయితే షార్టే (యూట్యూబ్‌లో నిలువుగా వచ్చే చిట్టి వీడియో) మేలన్నమాట, అనుకున్నాను. రొయ్యల చెరువు సంగతి వచ్చేదాకా.

పోయిన దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, మా ఊరి చివర చెరువును ఆనుకుని ఉన్న వరి చేను ఎర్రబారింది. గట్టు మీద నిలబడి ఫోను అటు తిప్పితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు గిరగిరా తిరిగే చెరువు, ఇటు తిప్పితే ఎండిన దుబ్బులు. "చెరువుకు లాభం, చేనుకు శాపం" అని పెద్ద అక్షరాలు వేసి 40 సెకన్ల షార్ట్ పెట్టాను. బ్రహ్మాండంగా పోయింది. సాయంత్రానికి కామెంట్లలో ఊరు రెండయింది. ఆ చెరువు నాకు వరసకు బాబాయ్ అయ్యే ఆయనది. మర్నాడు టీ బడ్డీ దగ్గర ఎదురుపడి, "ఏరా అబ్బాయ్, ఊరందరి చేతా తిట్టించావు సరే, నన్నొక్క మాట అడిగావా?" అన్నాడు. అడగలేదు మరి.

అడిగాక తెలిసింది. ఆ చెరువు ఒకప్పుడు ఆయన వరి చేనే. పక్కనున్న మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క పేరుకుపోయి, వరసగా సార్వాలు (వానాకాలం పంటలు) మునిగితే విసిగిపోయి చెరువు తవ్వించాడు. సముద్రపు పోటు సమయంలో ఆ కాలువలోంచే ఉప్పునీరు ఎగదన్నుతుంది, చేనుకు అదీ తగులుతోంది. చేను రైతు మాటా కాదనలేనిదే: మధ్యలో ఊట బోదె, అంటే చెరువులోంచి ఊరే ఉప్పునీటిని పట్టే చిన్న కాలువ, తవ్వి ఉంటే తన పంటకు ఇంత దెబ్బ తగిలేది కాదంటాడు. ఇద్దర్నీ అదే గట్టు మీద కూర్చోబెట్టి పదిహేడు నిమిషాలు తీశాను. షార్ట్ చూసినవాళ్లలో పదోవంతు కూడా రాలేదు. వచ్చినవాళ్లలో చాలామంది చివరిదాకా ఉన్నారు. కామెంట్లలో తిట్లకు బదులు "బోదె ఎంత లోతుండాలండీ?" లాంటివి కనపడ్డాయి. బోదె మాత్రం ఇంకా తవ్వలేదు, అది వేరే కథ.

అందుకని ఇప్పుడు నా లెక్క ఇది. కంటితో చూసి, నాలుకతో తేల్చుకోగలిగినదైతే షార్ట్. అవతల జవాబు చెప్పాల్సిన మనిషి ఉంటే పెద్ద వీడియోనే, ఎంత తక్కువమంది చూసినా సరే. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, అంటే ఆ కారు నాట్లే వేయమన్నారు. గిట్టుబాటు ధర, కూలీలు, మురుగు, ఇవన్నీ కలిసిన ఆ ముడిని నిమిషంలో విప్పబోతే ఎవరో ఒకర్ని దొంగను చేయక తప్పదు. షార్ట్స్ నిడివిని 2024 అక్టోబరులో 3 నిమిషాలకు పెంచారు గానీ, నిమిషం దాటిన షార్ట్ నా చేతిలో రెంటికీ చెడ్డ రేవడే అవుతోంది.

వరదలప్పుడు మాత్రం షార్ట్‌కు తిరుగులేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకె, మీ ఊరి రేవు మెట్లు, రెండూ ఒకే ఫ్రేములో పడితే నది మధ్య లంకల్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. కానీ తేదీని వీడియో మీదే కనపడేలా వేయండి. 2022 జులై వరద వీడియోకు తేదీ లేకపోతే, ఆ తర్వాత ఏ వానాకాలంలోనైనా "ఇప్పుడే" అంటూ వాట్సాప్ గ్రూపుల్లోకి కొట్టుకొస్తుంది. చూసి జనం సామాన్లు సర్దుకుంటారు.

అసలు ఏ రకమూ మేలు కానివీ ఉన్నాయి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ వైపు గుడ్డు పగిలి బయటికొచ్చిన తాబేలు పిల్లలు రాత్రిపూట వెలుతురు ఉన్నవైపు నడుస్తాయి. మీ ఫోను లైటు వేస్తే సముద్రం వదిలేసి మీ దగ్గరికి వస్తాయి. ముద్దుగానే ఉంటుంది, తీయకండి. కోరింగ అభయారణ్యంలో షూటింగుకైతే అటవీ శాఖ అనుమతి ఎలాగూ కావాలి.

నిలువా, అడ్డమా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు: కొబ్బరి దింపు నిలువు, గోదావరి అడ్డం. డబ్బుల కోసమైతే ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రకటనల ఆదాయానికి 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4000 గంటల వీక్షణం ఉండాలి, షార్ట్స్ ఫీడులో చూసింది అందులోకి రాదు. షార్ట్స్‌తోనే అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. మన పప్పు అంతదూరం ఉడకదు.

వచ్చే వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక అదే కుక్కర్లతో పప్పు మళ్లీ వండి చూపిద్దామనుకుంటున్నాను. సంగతి విని బాబాయ్ తన బోరు నీళ్లు కూడా ఒక బిందె తెస్తానన్నాడు. "కాకపోతే ఈసారి నన్నడిగి తియ్యి" అన్నాడు.